ఇంటి గాలినీ కొలిచి చూద్దాం





పొలంలో కొట్టే మందంటే మనకు భయం. ఇంట్లో వాడే మందంటే ఆ భయం లేదు. దోమల చుట్ట, ప్లగ్గులో పెట్టే లిక్విడు, బొద్దింకల స్ప్రే... వీటిలో ఎక్కువగా ఉండేది పైరెత్రాయిడ్ జాతి పురుగుమందే. ఆరుబయట ఎండావానలకు అది త్వరగా విరిగిపోతుంది. నాలుగు గోడల మధ్య మాత్రం దుమ్ములో, చాపల్లో, పరుపుల్లో చాలాకాలం నిలుస్తుంది. పాకే బిడ్డ చెయ్యి నేల మీద ఉంటుంది, మరుక్షణం నోట్లో ఉంటుంది.

ఇది ఒంట్లోకి ఎంత చేరిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు మూడింటిని పరీక్షిస్తారు: గాలి, ఇంటి దుమ్ము, మనిషి మూత్రం. పైరెత్రాయిడ్లు ఒంట్లో విరిగి, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో పోతాయి. కాబట్టి ఒక్కసారి చేసిన పరీక్ష మొన్నటి, నిన్నటి సంగతే చెబుతుంది. రోజూ వాడే ఇంటి సంగతి తెలియాలంటే పలుమార్లు పరీక్షించాలి.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు పేదలు ఎక్కువగా ఉండే పేటల్లోని గర్భిణులకు గాలిని పీల్చే చిన్న యంత్రమున్న సంచిని ఇచ్చి, రెండు రోజులు భుజాన వేసుకోమన్నారు. దాదాపు అందరి గాలిలోనూ క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు దొరికింది. పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలోనూ కనిపించింది. 2001 చివరికల్లా అమెరికాలో ఇళ్ళలో వాడేందుకు ఆ మందు అమ్మకం ఆగింది. ఆ తర్వాత పుట్టిన బిడ్డల రక్తంలో అది బాగా తగ్గింది. కొలిచారు కాబట్టే తగ్గిన సంగతి కూడా తెలిసింది.

పొగ సంగతి వేరే. చైనా, మలేషియా దోమల చుట్టలపై 2003లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళితో సమానం. ఇంట్లో సిగరెట్ వెలిగిస్తే కోప్పడే మనం, కిటికీలు మూసి పిల్లల తల దగ్గరే చుట్ట వెలిగిస్తున్నాం.

అలాగని దోమలను వదిలేయమని నేను అనను. డెంగీ, మలేరియా ప్రాణాలు తీస్తాయి. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో తల్లి చుట్ట వెలిగించేది నిర్లక్ష్యంతో కాదు, మరో దారి లేక. ఆ దారి చూపడం మన పని.

దాతలకు మూడు విన్నపాలు. ఒకటి, మన సాయం అందుకునే కుటుంబాలకూ, హాస్టల్ పిల్లలకూ దోమతెరలు, కిటికీలకు జాలీలు ఇవ్వండి. రెండు, నీటి తొట్లకు మూతలు ఇప్పించండి. దోమ పుట్టేది అక్కడే. మూడు, మన డిగ్రీ ఆడపిల్లల చేత ఇంటింటా ఒక లెక్క రాయించండి: ఏ మందు వాడుతున్నారు, ఎన్ని గంటలు, కిటికీ తెరిచా మూసా, పక్కన పసివాళ్ళున్నారా, డబ్బాపై రిజిస్ట్రేషన్ నంబరు ఉందా. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, నోటుపుస్తకం చాలు. తెరలిచ్చాక ఆరు నెలలకు మళ్ళీ అవే ప్రశ్నలు వేస్తే మన డబ్బు ఏం చేసిందో తెలుస్తుంది.

పిల్లలు మన చేతిలో అల్లాహ్ ఉంచిన అమానత్. జబ్బు చేశాక మందులకిచ్చే రూపాయి సదఖాయే; జబ్బు రాకుండా దోమతెరకిచ్చే రూపాయి కూడా సదఖాయే. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.