క్లిక్కుల వేలములో గిట్టుబాటు

వేలమునందు ధర పలుకుటను మనము "పాట పాడుట" యందుము. చెరువులోని చేపలకును, సంతలోని ఆశీలునకును, మామిడితోట కాపునకును పాట పాడువారిని మీరు చూచియే యుందురు. తోట పూతమీద నున్నప్పుడే కాపును కొన్న వర్తకుని తలంచుకొనుడు. అతనికి కాయ యింకను కనబడలేదు. గాలివాన రావచ్చును, పూత రాలిపోవచ్చును, కోతనాటికి ధర పడిపోవచ్చును. అయినను సొమ్ము మాత్రము ముందుగా చెల్లింపవలెను. పాటలో నెగ్గినంతమాత్రమున అతనికి లాభము రాదు. తోట యెంత కాయునో అతడు వేసికొన్న అంచనా నిజమైనప్పుడే లాభము వచ్చును.

నేడు నేను ముచ్చటింపబోవు వేలము కంటికి కనబడదు. దానికి దండోరా లేదు, పాటగాండ్ర కేకలు లేవు. మీరు గూగుల్‌లో ఒక మాట వెదకి, ఫలితములు తెరమీదికి వచ్చులోపల, రెప్పపాటు కాలములో అది ముగిసిపోవును. ఆ వేలములో చిల్లర పెట్టుబడితో క్రొత్తగా దిగువారిని గూర్చియే నా ప్రసంగము.

ఈ వ్యాపారమును అఫిలియేటు ప్రకటనల వ్యాపారమందురు. దీనిని చేయువానికి సరకు లేదు, కొట్టు లేదు. ఒక వర్తకుడు "నీవు పంపిన మనిషి నావద్ద కొన్నయెడల నీకింత కమీషను" అని యొప్పుకొనును. అమెజాన్ సంస్థ 1996 లోనే యిట్టి యేర్పాటును ప్రారంభించినది. క్రొత్తవాడొకడు నీళ్ళ ఫిల్టర్లను పోల్చి చూపు పుట నొకదానిని వ్రాసి, "ఇంటికి ఏ ఫిల్టరు మంచిది" అని వెదకువారికి కనబడునట్లు ప్రకటన వేయును. ప్రకటన కనబడినంతమాత్రమున రుసుము లేదు. ఎవరైన దానిని నొక్కినప్పుడే, అనగా క్లిక్కు చేసినప్పుడే, సొమ్ము చెల్లింపవలెను. నొక్కినవాడు ఆ పుటను చదివి, అచ్చటినుండి వర్తకుని అంగడికి పోయి, ఫిల్టరును కొన్నచో కమీషను వచ్చును, కొననిచో రాదు. క్లిక్కు క్లిక్కునకు ఖర్చు నిశ్చయము. కమీషను మాత్రము ఎప్పుడో నూటికొకటి. ఈ రెంటి నడుమ నున్న సందులోనే యీ వ్యాపారపు బ్రతుకంతయు నున్నది.

వేలము జరుగు తీరును మొదట తెలిసికొందము. ఈ పద్ధతిని 1998 లో అమెరికాలో బిల్ గ్రాస్ నెలకొల్పిన గోటూ అను శోధనసంస్థ వ్యాప్తికి తెచ్చినది. అచ్చట హెచ్చు పాట పాడినవాడు పైన నిలుచును. తాను పాడినంతయు చెల్లించును. తనకంటె క్రిందివాని పాట ఎంతో తక్కువయని తెలిసినంతనే పైవాడు తన పాటను దింపుకొనును. క్రిందివాడు మరల పైకెక్కును. ఈ యెగుడుదిగుడులు రేయింబవళ్ళు సాగెడివి. గూగుల్ సంస్థ 2002 లో ఈ క్లిక్కుల వేలములోనికి వచ్చినప్పుడు రెండు మార్పులు చేసినది.

మొదటిది: నెగ్గినవాడు తన పాట మొత్తమును గాక, తన క్రిందివానిని మించుటకు ఎంత యవసరమో అంతయే చెల్లించును. ఇట్టి రెండవ ధర వేలమును విలియం వికరీ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1961 లో శాస్త్రీయముగా చర్చించెను. ఆయనకు 1996 లో నోబెల్ బహుమానము లభించినది. రెండవ మార్పు: పాటను మాత్రమే గాక, ప్రకటనను జనులు ఎంత తరచుగా నొక్కుదురో దానిని గూడ లెక్కలోనికి తీసికొనుట. ఒకడు 6 రూపాయలు పాడెననుకొందము. అతని ప్రకటన నూరుమారులు కనబడినచో ఇద్దరు నొక్కుదురు. ఇంకొకడు 4 రూపాయలే పాడెను. కాని నూటికి నలుగురు నొక్కుదురు. మొదటివాని లెక్క ఆరు రెండ్లు పండ్రెండు. రెండవవాని లెక్క నాలుగు నాలుగులు పదునారు. తక్కువ పాడినవాడే పైన నిలుచును. మొదటివాని పండ్రెండును అందుకొనుటకు అతనికి 3 రూపాయలు చాలును గనుక, చెల్లించునదియు సుమారు అంతయే. నేడు ఈ లెక్కలో ప్రకటన వెదకినదానికి తగియున్నదా, చేరిన పుట మంచిదా యను విషయములు గూడ చేరినవి. అయినను మూలసూత్రము ఇదియే. కావున ప్రారంభకుడు పాటను పెంచుటకంటె ముందు, వెదకువాని ప్రశ్నకు సూటిగా బదులు చెప్పు ప్రకటనను వ్రాయుట నేర్వవలెను. మంచి వాక్యము క్లిక్కు ధరను దింపును.

ఇచ్చటనే క్రొత్తవారు ఒక గోతిలో పడుదురు. "నేను పాడినదానికంటె తక్కువయే చెల్లింతును గదా, ఎంత పాడిన నేమి?" అని 20 రూపాయలు పాడుదురు. క్రిందివాడును అట్లే తలంచి 19 రూపాయలు పాడినచో ఇద్దరును మునుగుదురు. ఎడెల్మన్, ఓస్ట్రోవ్‌స్కీ, ష్వార్ట్స్ అను మువ్వురు పండితులు 2007 లో ప్రకటించిన వ్యాసమున, అనేక స్థానములు గల యీ వేలములో వస్తువు యొక్క నిజమైన విలువనే పాడుట సైతము ఎల్లప్పుడును మేలు కాదని నిరూపించిరి. విలువకు మించి పాడుట యెట్టిదో వేరుగా చెప్పనేల?

అయిన, క్లిక్కు విలువ యెంత? ఒక లెక్క వేయుదము. కాగితము, కలము చేతనుంచుకొనుడు. ఫిల్టరు అమ్ముడుపోయినచో కమీషను 400 రూపాయలు. నూరు క్లిక్కులకు ఒక్కరు కొందురు. అనగా క్లిక్కునకు 4 రూపాయలు. కాని అమ్మిన సరకు అంతయు నిలువదు. అయిదుగురిలో ఒకరు తిరుగగొట్టుదు రనుకొందము. తిరిగివచ్చిన సరకునకు కమీషను లేదు. ఇప్పుడు విలువ 3 రూపాయల 20 పైసలు. మనదేశమున ప్రకటన ఖర్చుమీద నూటికి 18 వంతున జీఎస్టీ చెల్లింపవలెను. జీఎస్టీ నమోదు లేని ప్రారంభకునకు ఆ పన్ను తిరిగి జమపడదు. కావున 3.20 ని 1.18 చేత భాగింపగా 2 రూపాయల 71 పైసలు వచ్చును. నాలుగు రూపాయలని తలంచినది ఇంతకు దిగినది! ఈ 2.71 యందు లాభము లేదు, నష్టము లేదు; శ్రమ మాత్రము వృథా. 2 రూపాయలకు క్లిక్కు దొరికినచో పన్నుతో 2.36 అగును, నూరు క్లిక్కులకు 236 ఖర్చు, 320 రాబడి, 84 రూపాయల మిగులు. ఇదియే గిట్టుబాటు.

ఈ లెక్కలో కమీషను మనకు తెలియును, పన్ను తెలియును. తెలియనిది ఒక్కటే: నూటికి ఎందరు కొందురు? మామిడితోట వర్తకునకు కనబడని కాయ యిదియే. నా ప్రసంగమునకు గుండెకాయయు నిదియే. ఆ నిష్పత్తిని ఎవరును చెప్పలేరు. క్లిక్కులు కొనియే తెలిసికొనవలెను. కొద్ది క్లిక్కులతో తెలిసికొన యత్నించినచో అవి మోసగించును.

ఇద్దరు యువకులను ఊహింపుడు. ఒకే సరకు, ఒకే పుట, ఒకే మాటలు. ఇద్దరికిని నిజమైన నిష్పత్తి నూటికొకటియే. ఇద్దరును తలకు నూరు క్లిక్కులు కొనిరి. మొదటివానికి ఒక్క అమ్మకమును కాలేదు. "ఇది దగా వ్యాపారము" అని మానివేసెను. నిష్పత్తి నూటికొకటియే యైనను, నూరు క్లిక్కులలో ఒక్కటియు తగులకుండుట నూటికి 37 మారులు సంభవించును! ఇది గణితము, దురదృష్టము కాదు. రెండవవానికి రెండమ్మకములైనవి. రెండుగాని అంతకు మించిగాని తగులుట నూటికి 26 మారులు జరుగును. కాని యతడు "నాకు నూటికి రెండు వచ్చుచున్నవి, క్లిక్కు విలువ 8 రూపాయలు" అని పొంగి, పాటను పెంచెను. క్లిక్కు సగటున 6 రూపాయలకు, పన్నుతో 7.08 కి పడుచుండగా, క్రెడిట్ కార్డుమీద 5,000 క్లిక్కులు కొనెను. ఖర్చు 35,400 రూపాయలు. నిష్పత్తి తన నిజరూపమునకు వచ్చి 50 అమ్మకములైనవి, పది తిరిగివచ్చినవి, నలుబదింటికి కమీషను 16,000 రూపాయలు. నష్టము 19,400. కార్డు బాకీమీద వడ్డీ వేరు.

వీరిలో ఎవడు ఎక్కువ దురదృష్టవంతుడు? మొదట ఓడినవాడు నూరు క్లిక్కుల సొమ్ముతో బయటపడెను. మొదట నెగ్గినవాడు అప్పులపాలయ్యెను. తొలి గెలుపును మించిన శత్రువు ఈ వ్యాపారమున లేదు. వేలములలో నెగ్గువాడు తరచుగా విలువను అందరికంటె అధికముగా ఊహించినవాడే యగునని, సముద్రగర్భ చమురు హక్కుల వేలములను పరిశీలించి, అమెరికా ఇంజనీర్లు మువ్వురు 1971 లోనే వ్రాసిరి. దానిని "విజేత శాప"మందురు. చమురుబావికైనను, మామిడితోటకైనను, క్లిక్కునకైనను శాప మొక్కటియే.

మరి క్లిక్కులు ఎన్ని కావలెను? నిష్పత్తి నూటికొకటి యైనచో 300 క్లిక్కులలో ఒక్క అమ్మకమును కాకుండుట నూటికి అయిదు మారులే. కనుక 300 క్లిక్కులు కొని ఫలితము శూన్యమైనచో, ఆ సరకు మనకు గిట్టదని చాలవరకు నమ్మి విరమింపవచ్చును. 2.36 చొప్పున దీనికి 708 రూపాయలు. ఇది పెట్టుబడి కాదు. చదువునకు కట్టిన రుసుము. పోయినను ఇంటిలో పొయ్యి మండుటకు అడ్డురాని సొమ్మునే దీనికి కేటాయింపవలెను. ఆ 300 లో మూడు నాలుగు అమ్మకములైనచో సంతోషింపుడు. కాని పాటను పెంపకుడు. అదే పాటమీద మరి కొన్ని వందలు కొని, నిష్పత్తి నిలుచునో లేదో చూడుడు.

నిలిచిన పిమ్మట గూడ ఇంకొక చిక్కు గలదు. పాట పెంచినచో క్లిక్కులు పెరుగును. లాభము పెరుగునని భ్రమపడుదుము. పన్నుతో గూడ క్లిక్కు 2 రూపాయలకు దినమునకు నూరు దొరకుచున్న వనుకొందము. ఖర్చు 200, రాబడి 320, లాభము 120. పాట పెంచగా ధర 2.50 అయి, 140 క్లిక్కులు వచ్చినవి. ఖర్చు 350, రాబడి 448, లాభము 98. క్లిక్కు సగటు ధర విలువకంటె తక్కువగానే యున్నది. అయినను లాభము 22 రూపాయలు తగ్గినది. ఏల? అదనముగా వచ్చిన 40 క్లిక్కులకు అదనముగా 150 రూపాయలైనవి. అనగా వానిలో ఒక్కొక్కటి 3.75 కి పడినది. విలువ 3.20 మాత్రమే. గూగుల్‌లో ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేసిన హాల్ వేరియన్ ఈ అదనపు క్లిక్కు ధరనే చూడుమని బోధించెను. సగటును చూచి సంతోషించువాడు చివరి క్లిక్కులమీద నష్టపోవుచుండును.

ఇప్పుడు పాటను యంత్రమే నిర్ణయించు పద్ధతులు వచ్చినవి గదా యని కొందరనవచ్చును. నిజమే. కాని ఆ యంత్రము జరిగిన అమ్మకములను చూచి నేర్చుకొనును. మనవారి అమ్మకములు పరుల అంగడిలో జరుగును. ఆ వార్తను తిరిగి ప్రకటనల ఖాతాకు చేర్చు ఏర్పాటు చేసికొననిచో యంత్రము గ్రుడ్డిదే. పది అమ్మకములైనను లేనివాడు దానికి నేర్పునదేమి?

మరి కొన్ని హెచ్చరికలు చెప్పి ముగించెదను. దినపు బడ్జెటు 200 అని వ్రాసికొన్నను, గూగుల్ ఒక దినమున దానికి రెండింతలవరకు ఖర్చు చేయవచ్చును. నెల మొత్తముమీదనే సరిపెట్టును. అనేక వర్తకులు తమ పేరునే శోధనపదముగా పాడుటను నిషేధింతురు. ఒప్పందము చదువక పాడినవాడు కూడబెట్టిన కమీషనును గూడ పోగొట్టుకొనును. సొంత సరకేమియు లేక, వచ్చినవానిని వెంటనే ఇంకొక చోటికి నెట్టుటకే పుట్టిన పుటలను గూగుల్ నిబంధనలు అంగీకరింపవు. ప్రకటన సొమ్ము నేడే పోవును; కమీషను సరకు తిరుగగొట్టు గడువు దాటినగాని చేతికిరాదు; నడుమనున్న వారములకు రొక్కము మీవద్ద నుండవలెను. కమీషను పుచ్చుకొనుచున్నానని చదువరికి స్పష్టముగా చెప్పుట ధర్మము. తనకు తెలియని సరకును పొగడినవానికి తిరిగివచ్చు సరకు లెక్కలోనే శిక్ష గలదు.

శ్రోతలారా! ప్రతి రాత్రియు ఒక పుస్తకమున నాలుగు అంకెలు వ్రాయుడు: క్లిక్కులెన్ని, పన్నుతో ఖర్చెంత, అమ్మకములెన్ని, తిరిగివచ్చినవెన్ని. పాట పెంచవలెనను కోరిక పుట్టినప్పుడు ఆ పుస్తకమును తెరువుడు. అనుభవముగల తోట వర్తకుడు పూతను చూచి పాడడు. వెనుకటి యేండ్ల కాపు లెక్క చూచి పాడును. మీకు వెనుకటి యేండ్లు లేవు గనుక, ముందు ఆ 708 రూపాయలతో వానిని సంపాదించుకొనుడు.