నందన కఱవునాట బుర్రకథ యుండినచో



జరిగిన చరిత్రను చెప్పుట పండితుల పని. జరుగని చరిత్రను ఊహించుట పనిలేనివాని పనియని పెద్దలు మీరు నవ్వవచ్చును. నవ్వినను సరియే, నేటి రాత్రి నేను ఆ రెండవ పనికే పూనుకొనుచున్నాను. ముగ్గురు నలుగురు కూడి పాడుచు ఊరూరు తిరుగు మేళమును పాశ్చాత్యులు బ్యాండు అందురు. మనవారు బుర్రకథ దళమందురు. షేక్ నాజరు దళమువంటి దొకటి నూఱేండ్లు ముందుగా, 1832లో, మన గుంటూరు సీమలో పుట్టియుండినచో నేమి జరిగియుండెడిది? ఇదియే నా ప్రశ్న.

ఆ యేడే యెందుకనగా, అది నందన నామ సంవత్సరము. 1832-33లో వచ్చిన ఆ క్షామమును మన పూర్వులు డొక్కల కఱవనిరి. గుంటూరు జిల్లాలో నప్పటి జనము సుమారు 5 లక్షలు. అందు లక్షన్నర మొదలు రెండు లక్షలవఱకు మడసిరని లెక్కలు చెప్పుచున్నవి. మీ చావడి అరుగుమీద నిప్పుడు కూర్చున్నవారిని ఎంచి చూడుడు. ముగ్గురిలో నొకరు లేరనుకొనుడు. నల్లరేగడి నేల వానను నమ్ముకొన్న నేల. కృష్ణ ప్రక్కనే పాఱుచుండినను బెజవాడ ఆనకట్ట 1855 వఱకు పూర్తికాలేదు. కూటికై జనము ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నపట్టణపు బాట పట్టిరి. అనేకులు ఆ బాటమీదనే కూలిరి.

1757 నాటి బొబ్బిలి యుద్ధమునకు కథ యున్నది. పల్నాటి యుద్ధమునకు శ్రీనాథుని ద్విపద యున్నది. కారెంపూడిలో ఏటేట వీరుల తిరునాళ్లు జరుగుచున్నవి. బొబ్బిలి కోటలో పడినవారికన్న నందన కఱవున పడినవారు ఎన్నో రెట్లు. అయినను ఆ కఱవు బొబ్బిలి కథవలె ఇంటింట పాడుకొను కథ కాలేదు. శత్రువు గుఱ్ఱమెక్కి రాలేదు, వీరుడు కత్తి దూయలేదు. ఆకలిచే చచ్చినవానికి వీరగల్లు నాటువా రెవరు?

నాజరు 1920లో గుంటూరు చెంత పొన్నెకల్లులో దూదేకుల యింట పుట్టెను. పత్తి యేకుట ఆ కులమువారి వృత్తి. ఆయన జీవితకథకు సయితము ‘పింజారి’ యనియే పేరు. జంగము కథను ఆయన ప్రజానాట్యమండలి వేదిక లెక్కించి క్రొత్త ప్రాణము పోసెను. నడుమ భుజముపై తంబురతో, వ్రేళ్ల అందెలతో, కాలి గజ్జెలతో కథకుడు. ఇరుప్రక్కల గుమ్మెటలతో రామకోటి, పురుషోత్తము. ఈ కథలో ఒక వంతపాటగాడు నవ్వించును, రెండవవాడు రాజకీయము మాటలాడును. కథ పాతదైనను, నడుమ ఆగి నేటి సంగతి అడుగుటకు ఆ యిద్దఱకు అధికారము కలదు. బుర్రకథ బలమంతయు ఆ యడుగుటలోనే యున్నదని నా తలంపు. 1943లో బెంగాలులో కఱవు రాగా, వందల మైళ్ల దూరపు ఆ యాకలిని నాజరు మన పల్లెలలో కథగా చెప్పెను. 1986లో పద్మశ్రీ పొందిన ఆయన 1997లో కన్ను మూసెను.

ఇక నా యూహ. 1832 ఆషాఢములో చినుకు లేదు. పొన్నెకల్లునుండి ముగ్గురు బయలుదేఱిరి. పల్నాటి కథ యెత్తుకొని, బాలచంద్రుడు తల్లి సెలవు తీసికొను పట్టున ఆపిరి. హాస్యగాడు అడిగెను: “అన్నా, వాన రాలేదని మనము మబ్బును తిట్టుచున్నాము, శిస్తు రాలేదని దొరవారు మనలను తిట్టుచున్నారు. శిస్తు కూడ మబ్బునుండియే పడునా యేమి?” జనము నవ్విరి. రాజకీయపువాడు నవ్వలేదు. ఏ రేవున బియ్యము దిగినదో, ఏ యూర గంజి పోయుచున్నారో, ఏ గాదెకు తాళము పడినదో పేరు పేరున చెప్పెను. మఱునాడు వారిని కొలువులో నిలిపి కొట్టియుందురు. ఆ మాట మాత్రము పిల్లల నోట ప్రక్క యూరికి పోయియుండును.

పాటతో చెఱువు నిండునా యని మీరడుగుదురు. నిండదు. వారు వానను తేలేరు, గింజను తేలేరు. వార్తను తేగలరు. ఎటు పోవుటయో తెలియక చెన్నపట్టణపు బాటమీద పడిపోయినవారిలో కొన్ని వేలమందియైన వేఱొక దారి పట్టియుండెడివారేమో! మఱియొకటి. కఱవు గడచిన పిదప ఆనకట్ట కావలెనని వాదించిన ఇంజనీర్లు ఆ నష్టమునే దృష్టాంతముగా చూపిరి. లెక్క చెప్పుటకు వారు నిలిచిరి. ఆ యేడ్పును తిరునాళ్లలో ఏటేట వినిపించువా డొకడుండినచో ఆనకట్టకు ఇరువది యేండ్లకు పైగా పట్టియుండెడిదా?

ఇంతవఱకు ఊహ సులభముగానే నడచినది. కథ ముగిసిన రాత్రి ఆ ముగ్గురికి అన్నమెవరు పెట్టిరన్నచోట నాది ఆగిపోవుచున్నది. జంగమునకు జీతము కళ్లములో కొలిచి పోసిన గింజలే. కళ్లము వట్టిదైనచో ఊరు విడుచుటలో మొదటివాడు పాటగాడే. జమీందారు నాశ్రయించి బ్రదుకుదమన్నను, దాతను పొగడ మరగిన నాలుక దాత గాదెను ప్రశ్నింపదు. నాజరు కాలమునకు సంగతి మాఱినది. కాలువనీరు వచ్చినది, బడి వచ్చినది, అచ్చుపుస్తకము వచ్చినది. పత్తి తీతలు, మిఱప కోతలు ముగిసిన వేసవిలో రైతుచేతిలో నాలుగు రూపాయలాడెను. రూకలిచ్చి రాత్రియంతయు కథ వినుటకు పల్లెకు తీరికయు కలిగెను. బెంగాలువారి యాకలి కథ విన్న మన పల్లెవారు నందన కఱవున బ్రదికి బయటపడినవారి మనుమలు, మునిమనుమలే.