చెవిలో చెప్పిన వాగ్దానం

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు ఎన్నికల వాగ్దానం నలుగురి ఎదుట చేసేవారు. మైదానంలో నాయకుడు పలికిన మాటను ప్రత్యర్థి మనుషులూ వినేవారు. మరునాడే దానికి బదులు వచ్చేది. మాట తప్పితే నిలదీయడానికి ఊరంతా సాక్షి. న్యాయవాదిగా నేను మనవి చేయదలచినది ఒక్కటే: నేటి సాంకేతికత ఆ సాక్షిని తొలగిస్తున్నది.

2018 మార్చిలో బయటపడిన కేంబ్రిడ్జ్ ఎనలిటికా ఉదంతం చూడండి. ఫేస్‌బుక్‌లో ఒక ప్రశ్నావళికి జవాబిచ్చినవారు సుమారు 2 లక్షల 70 వేల మంది. వారి మిత్రులను కూడా కలుపుకొని 8 కోట్ల 70 లక్షల మంది వరకు వివరాలు చేతులు మారి ఉండవచ్చునని ఫేస్‌బుక్ యాజమాన్యమే అంగీకరించింది. ఓటర్లను స్వభావాన్నిబట్టి విభజించి, ఎవరికి తగిన ప్రకటన వారికి చూపడమే తన విద్య అని ఆ కంపెనీ చెప్పుకున్నది. అది ఎన్ని ఓట్లు మార్చిందన్నది వాదగ్రస్తమే. కాని పొరుగింటికి ఏమి చెప్పారో మనకు తెలియనప్పుడు, ఇద్దరికి రెండు విరుద్ధ వాగ్దానాలు చేసినా అడిగేవారుండరు.

ఇప్పుడు గొంతు కూడా నకిలీ అవుతున్నది. 2024 జనవరిలో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ ప్రాథమిక ఎన్నికకు రెండు రోజుల ముందు, అధ్యక్షుడు బైడెన్ గొంతును అనుకరించిన యంత్రస్వరం ఫోనుచేసి ఓటు వేయవద్దన్నది. చేయించిన సలహాదారుకు అక్కడి సమాచార కమిషన్ 60 లక్షల డాలర్ల జరిమానా విధించింది. అయితే ఎన్నిక ముగిసిన ఎనిమిది నెలలకు.

మన 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షను పోలింగు ముగింపునకు ముందు 48 గంటలు బహిరంగ సభలను నిషేధించింది. మైకు ఆగుతుంది, ఫోను ఆగదు. నకిలీ దృశ్యాలు, స్వరాలు దృష్టికి వచ్చిన 3 గంటల్లో తొలగించాలని 2024 మేలో ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. మంచిదే. దృష్టికి తెచ్చేదెవరు? అందుకున్న మనమే.

యంత్రం తెలుగు కూడా పలుకుతుంది. బళ్లారిలోనైనా, కృష్ణగిరిలోనైనా, రాయగడలోనైనా అమ్మభాష వినగానే మనసు మెత్తబడడం సహజం. మన భాషలో వచ్చినంత మాత్రాన అది మనవారి మాట కాదు.

పంపినవారెవరో తెలియని సర్వేకు ఓటరు కార్డు వివరాలు ఇవ్వకండి. అనుమానపు సందేశాన్ని చెరిపివేయక, తేదీతో, పంపిన నంబరుతో భద్రపరచి ఎన్నికల అధికారికి లిఖితపూర్వకంగా తెలపండి. వచ్చిన వాగ్దానాన్ని అరుగుమీద పదిమందికి చదివి వినిపించండి. చెవిలో చెప్పిన మాటను మళ్లీ ఊరి ఎదుట నిలబెట్టే పని మనది.