పెరట్లో ఎలుక కలుగులు, అమ్మ వేసిన గింజలు

(ఈ వారం ఎపిసోడ్ పాఠం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. మధ్యలో నీళ్ళు నమిలిన చోట్లు మాత్రం తీసేశాం.)

  ఈసారి వీసాలు లేవు, ట్యాక్స్ లేదు. ఎలుకలు. నవ్వకండి. ఈ ఎలుకల వల్ల నేను పక్కింటి కుక్కని చంపేసేవాణ్ణి దాదాపు. అందుకే చెప్తున్నాను.

మా ఇల్లు పాయింట్ కుక్‌లో. వెనక చిన్న యార్డు, ఒక మూల షెడ్, ఫెన్సు పక్కన చిక్కుడు పాదు, కరివేపాకు మొక్క, ఒక నిమ్మచెట్టు. జనవరిలో అమ్మ వచ్చింది, విజిటర్ వీసా మీద. మాది మండపేట దగ్గర పల్లెటూరు, మా నాన్నది వరి వ్యవసాయం. అమ్మకి పొద్దున లేవగానే పిట్టలకి గింజలు వెయ్యడం అలవాటు. ఇక్కడికొచ్చాక కూడా రోజూ గుప్పెడు బియ్యం షెడ్ పక్కన పోసేది. గుప్పెడు అంటే మా అమ్మ గుప్పెడు, అది అరసోలకి తక్కువ ఉండదు. మిగిలిన అన్నం, పప్పు, పళ్ళ తొక్కలు కంపోస్టు డబ్బాలో వేసేది. ఆ డబ్బాకి అడుగు లేదు, నేల మీద బోర్లించినట్టు ఉంటుంది. నేను చూసి కూడా ఏమీ అనలేదు. అమ్మకి ఇక్కడ మాట్లాడటానికి మనుషులు లేరు కదా, పిట్టలైనా ఉన్నాయని.

ఏప్రిల్‌లో చలి మొదలైంది. ఒకరోజు షెడ్ కింద సిమెంటు పలక అంచున కన్నం కనబడింది. నా పిడికిలి కన్నా కొంచెం చిన్నది, అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, ముందు తాజా మట్టి కుప్ప. ఇంకోటి కంపోస్టు డబ్బా వెనక. మూడోది ఫెన్సు కింద. చెయ్యి పెట్టి చూడక్కర్లేదు, గోదావరి జిల్లా వాడికి ఎలుక కలుగు తెలీకపోతే ఎలా.

మా పాపకి రెండేళ్ళు. ఆ మూలే దాని ఆటస్థలం. కాబట్టి కంగారుపడ్డాను. కంగారులో ఏం చేస్తాం, షాపుకి పోయి అన్నిటికంటే ఘాటైన మందు ఏదో అది తెచ్చాను. నీలం రంగు బిళ్ళలు. డబ్బా మీద రాసింది చదవలేదు. కన్నంలో రెండేసి బిళ్ళలు తోసేసి, పాప తియ్యకుండా పైన ఇటుక పెట్టి, గొప్ప పని చేశాననుకుని పడుకున్నాను.

నేను ఆలోచించని సంగతి ఒకటుంది. కలుగుకి ఒక్క తలుపు ఉండదు. ఫెన్సు కింద నుంచి అవతలికి కూడా దారి ఉంది. ఎలుక తనకి అక్కర్లేనిదాన్ని బయటికి నెట్టేస్తుంది, లేదా ఇంకోచోట దాచుకోవడానికి మోసుకుపోతుంది. రెండో రోజు సాయంత్రం పక్కింటావిడ తలుపు కొట్టింది. చేతిలో సగం కొరికిన నీలం బిళ్ళ. వాళ్ళ కుక్క నోట్లోంచి లాగిందట. "ఇది నీదా?" అని అడిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

కారులో వెట్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అక్కడ మొదటి ప్రశ్న, మందులో ఏముంది అని. ప్యాకెట్ నేను బిన్‌లో పారేశాను, మర్నాడే బిన్ లారీ వచ్చి పట్టుకుపోయింది. షాపు వెబ్‌సైట్‌లో వెతికి బొమ్మ చూపిస్తే బ్రోడిఫకూమ్ అని తేలింది. వాంతి చేయించారు, విటమిన్ కె1 మాత్రలు మొదలుపెట్టారు, కొన్ని వారాలు వాడాలన్నారు. ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్నరోజు కుక్క హాయిగా తోక ఊపుతూ ఉంటుంది, మూడు నుంచి అయిదు రోజుల తర్వాత లోపల రక్తం కారడం మొదలవుతుంది. అందుకే "బానే ఉంది కదా" అని ఊరుకోకూడదు. బిల్లు వెయ్యి డాలర్లు దాటింది, నేనే కట్టాను. కుక్క బతికింది. పక్కింటావిడ నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి మాత్రం కుక్క కోలుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది.

ఈ మాట రాసుకోండి. పిల్లలు గానీ పెద్దలు గానీ మందు నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే ఆస్ట్రేలియాలో ఎక్కడి నుంచైనా 13 11 26, పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్. మనిషి పడిపోయినా, ఊపిరి అందకపోయినా నేరుగా 000. ప్యాకెట్ పారెయ్యకండి, కనీసం ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

బ్రోడిఫకూమ్, బ్రోమడయోలోన్ లాంటివాటిని రెండో తరం మందులంటారు. ఒక్కసారి తింటే చాలు, కానీ ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ లోపల మళ్ళీ మళ్ళీ తింటూనే ఉంటుంది. అలా మత్తుగా తిరిగే ఎలుకని గుడ్లగూబ పట్టుకుంటుంది. మెల్‌బోర్న్‌లో చనిపోయి దొరికిన పవర్‌ఫుల్ ఔల్స్ లివర్లు పరిశోధకులు పరీక్షిస్తే చాలావాటిలో ఈ మందు ఉంది. అంటే మన పని ఉచితంగా చేసిపెట్టే పక్షిని మనమే చంపుతున్నాం.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను. ఆయన మొదట అడిగింది, "కలుగులు మూసి చూశావా?" అని.

మన ఊళ్ళలో సామూహిక ఎలుకల నివారణ చేసినప్పుడు ఇదే పద్ధతి. మొదటి రోజు గట్ల మీద కన్నాలన్నీ మట్టితో మూసేస్తారు. మర్నాడు ఏవి తెరుచుకుని ఉన్నాయో వాటిలోనే ఎలుక ఉన్నట్టు. అప్పుడు నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమడయోలోన్ 2 పాళ్ళు కలిపి పొట్లాలు కట్టి వాటిలోనే వేస్తారు. డెల్టాలో ఎలుకల బుట్టలు పెట్టేవాళ్ళు ఉండేవారు, వెదురు బుట్ట, విల్లులాంటి బద్ద, లోపల ధాన్యం. యానాదులైతే కుండతో పొగ పెట్టి పట్టేవాళ్ళు. వాళ్ళ చూపు వేరు, ఏ కన్నం పాతది ఏది కొత్తదో నిలబడే చెప్పేసేవాళ్ళు.

మందు సంగతి వదిలేసి, మూసి చూడటం వరకే తీసుకున్నాను. మట్టి బదులు న్యూస్‌పేపరు ఉండ చేసి కుక్కాను. మర్నాటికి మూడింట్లో రెండు తెరుచుకున్నాయి.

తర్వాత స్నాప్ ట్రాపులు. ఎలుకకి కొత్త వస్తువంటే భయం. అందుకని నాలుగైదు రోజులు బిగించకుండా, ఊరికే కొంచెం పీనట్ బటర్ రాసి వదిలేశాను. తినడం అలవాటయ్యాక బిగించాను. గోడ వెంబడి, అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకి ఆనేలా. పైన మూత ఉన్న పెట్టెలో పెట్టాలి, లేకపోతే పిట్టలు, బ్లూ టంగ్ బల్లులు పడతాయి, పాప వేలు కూడా. మొదటి వారం నాలుగు పడ్డాయి, రెండో వారం రెండు, మూడో వారం ఒకటి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. మన దగ్గర ఎలుక జ్వరం అంటాం చూడండి, లెప్టోస్పైరోసిస్, అది ఎలుక మూత్రం నుంచే వస్తుంది.

కొంతమంది ఇండియా నుంచి సూట్‌కేసులో జిగురు అట్టలు, పసుపు భాస్వరం ఉండే పేస్టు తెచ్చుకుంటారు. నాకు తెలుసు, మీకూ తెలుసు. జిగురు అట్టలు విక్టోరియాలో మామూలు జనం వాడకూడదు. ఆ పేస్టు సంగతైతే, మన ఆస్పత్రుల్లో దానివల్ల ఎంతమంది లివర్ పోగొట్టుకున్నారో డాక్టర్లని అడగండి. తేవద్దు.

ఇంకో మాట, కన్నం కనబడగానే ఎలుకే అనుకోకండి. స్కెలిటన్ క్రీక్ పక్కనో, సాంక్చువరీ లేక్స్‌లో నీళ్ళ ఒడ్డునో ఉంటే అది రకాలి కావచ్చు. ఇక్కడి సొంత నీటి ఎలుక. పెద్దది, తోక చివర తెల్లగా ఉంటుంది, వెనక కాళ్ళకి బాతులాగా పొర ఉంటుంది. చట్టం రక్షణ ఉన్న జంతువు, ముట్టుకోకూడదు. కన్నం ఇంకా పెద్దదై చుట్టూ గుండ్రటి రెట్టలు ఉంటే కుందేలు. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆయన వేట సరదాకి ఇంగ్లాండు నుంచి తెప్పించి వించెల్సీ దగ్గర వదిలినవాటి సంతానం. మనం గ్రేట్ ఓషన్ రోడ్‌కి పోతూ దాటే జీలాంగ్ ఉంది కదా, దానికి కాస్త అవతలే ఆ ఊరు.

సిడ్నీ, బ్రిస్బేన్‌లో వింటున్నవాళ్ళకి లాన్‌లో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనబడితే అది బ్యాండికూట్. దానికీ రక్షణ ఉంది. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? మన పందికొక్కు. అవును, తెలుగు మాటే. ఇండియాలో పందికొక్కుని చూసిన ఇంగ్లీషువాళ్ళు బ్యాండికూట్ అన్నారు, తర్వాత ఇక్కడ ముక్కు పొడుగ్గా ఉన్న ఈ జంతువుని చూసి అదే పేరు తగిలించారు. రెండింటికీ చుట్టరికం లేదు. మనది ఎలుక జాతి, ఇది కంగారూలా సంచిలో పిల్లని మోసేది. ఒకప్పుడు ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్ మన పడమటి విక్టోరియా గడ్డి మైదానాల్లో తిరిగేది. 1870ల్లో వేట కోసం తెచ్చి వదిలిన ఫాక్సులు, ఆ తర్వాత పోయిన గడ్డి భూములు, రెండూ కలిసి దాన్ని మెయిన్‌ల్యాండ్ మీద అడవిలో లేకుండా చేశాయి. పట్టి పెంచి, కంచెల్లోనూ ఫాక్సులు లేని దీవుల్లోనూ వదిలి, 2021లో "అడవిలో అంతరించింది" అనే జాబితా నుంచి తీయగలిగారు. మన ఊరి పేరు పెట్టుకున్న జంతువు మన సబర్బ్ చుట్టుపక్కల నుంచే మాయమైందని తెలిసినప్పుడు నాకైతే ఏదోలా అనిపించింది.

సరే, ఎలుకల దగ్గరికి వద్దాం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ముందు ఏజెంట్‌కి ఈమెయిల్ పెట్టండి, ఫోటోలతో. ఫోన్‌లో చెప్తే చెప్పినట్టు కాదు. ఖర్చు ఎవరిదనేది కారణాన్ని బట్టి ఉంటుంది. ఇంటి గోడలో సందు వల్లా, మన చెత్త వల్లా అన్నది. అడక్కుండా సిమెంటు మాత్రం పొయ్యకండి, బాండ్ దగ్గర గొడవవుతుంది.

ట్రాపులు పెట్టినా తిండి ఉన్నంతకాలం కొత్తవి వస్తూనే ఉంటాయి. కంపోస్టు డబ్బా కింద సన్న కన్నాల ఇనప మెష్ పరిచాను, వండిన తిండి అందులో వెయ్యడం మానేశాం. రాలిన నిమ్మకాయలు ఏరేస్తున్నాను. షెడ్ అంచున కూడా మెష్ పాతాను, ఒక అడుగు లోతు. చిట్టెలుకకి పెన్సిల్ పట్టే సందు చాలు, అందుకని ఇంటి చుట్టూ పైపుల సందులు స్టీల్ ఊల్‌తో మూశాను.

అసలు కష్టం అమ్మకి చెప్పడం. పిట్టలకి గింజలు వెయ్యొద్దంటే మొహం చిన్నబుచ్చుకుంది. "నా వల్లేనా కుక్కకి అలా అయింది?" అంది. కాదమ్మా, మందు పెట్టింది నేను అన్నాను. రెండు రోజులు పెరట్లోకే రాలేదు. మూడో రోజు నేనే ఒక చిన్న పళ్ళెంలో నీళ్ళు పోసి ఇచ్చాను, గింజల బదులు. పిట్టలు వచ్చాయి. రెండు మ్యాగ్‌పైలు స్నానం చేసి పోయాయి. అమ్మ దానికి ఒప్పుకుంది గానీ, "నీళ్ళు పోసి పంపిస్తామా ఇంటికొచ్చినవాళ్ళని" అని గొణుగుతూనే ఉండేది.

జూన్‌లో అమ్మ వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆదివారం ఆదివారం కలుగుల్లో పేపరు ఉండలు చూస్తాను. మొన్న చూసినప్పుడు మూడూ కుక్కినవి కుక్కినట్టే ఉన్నాయి. ఫోటో తీసి పంపిస్తే అమ్మ అడిగింది, పళ్ళెంలో నీళ్ళు మారుస్తున్నావా అని. మార్చలేదు. వెళ్ళి మార్చాను.

మీ ఊళ్ళో మీరేం చేశారో వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చేవారం కొన్ని వినిపిస్తాను. ఉంటానండి.