వెండిచారల చేపలు చెప్పిన పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

 

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినారు. రజతోత్సవము గదా, వెండితో సంబంధముగల విషయమేదైన చెప్పుదమని తలంచితిని. వెండి నగలను గూర్చి చెప్పుటకు నేను కంసాలిని గాను. కావున వెండిచారల చేపలను గూర్చి చెప్పెదను. ఆంగ్లమున వీనిని సిల్వర్‌సైడ్ అందురు. వీనిలో పెక్కు జానెడైన పొడవు లేని అల్పప్రాణులు. అయినను, వీనిలో నొకటి మనుష్యులకు గొప్ప పాఠము చెప్పినది. అది విత్తనము దాచుకొను ప్రతి రైతునకును తెలిసిన పాఠమే.

మొదట వీని రూపమును తెలిసికొందము. ఈ చేపలు సన్నగా, పొడవుగా నుండును. ఇరుప్రక్కలను తళతళలాడు వెండిచార యొకటి సాగియుండును. ఆ పేరు దానివలననే వచ్చినది. వీపుపై రెండు ఈతరెక్కలు ఎడమెడముగా నుండును. వీని గ్రుడ్లకు దారపుపోగులవంటి తంతువులుండును. అవి నీటిమొక్కలకు చుట్టుకొని, గ్రుడ్లను అలలకు కొట్టుకొనిపోకుండ కాపాడును. ఈ చేపలు గుంపులుగా తిరుగుచు, నీటిలో తేలియాడు సూక్ష్మజీవులను తిని బ్రదుకును. తాము పెద్ద చేపలకును, నీటిపక్షులకును ఆహారమగును.

శాస్త్రజ్ఞులు వీనిని అథెరినిఫార్మిస్ అను క్రమమున చేర్చిరి. ఇందు మూడువందలకు మించిన జాతులు కలవు. ఎగిరెడు చేపలును, దోమపిల్లలను తినుటకై మన నూతులలో విడుచు గంబూసియా చేపలును వీనికి దగ్గర చుట్టములు. కొన్ని జాతులు సముద్రతీరములందును, కొన్ని నదులు, సరస్సులయందును నివసించును. మెక్సికోలోని పాట్‌స్క్వారో సరస్సునందలి తెల్లచేపయు, అర్జెంటీనావారు ప్రీతితో తిను పెహెర్రెయ్ అను చేపయు ఈ కోవకు చెందినవే. ఆస్ట్రేలియా, న్యూగినీలలోని రంగురంగుల ఇంద్రధనుస్సు చేపలును ఈ క్రమములోనివే. మన హిందూ మహాసముద్ర తీరములందును వెండిచారల చేపలు కలవు.

కాలిఫోర్నియా తీరమున గ్రూనియన్ అను జాతి కలదు. పున్నమి, అమావాస్యల తరువాతి రాత్రులలో, పోటు ఎక్కువగానున్నపుడు ఈ చేపలు అలలతోపాటు ఒడ్డున కెక్కును. ఆడుచేప తోకతో ఇసుకను త్రవ్వి, నడుమువరకు దిగి గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు తడియిసుకలో దాగి, ఇంచుమించు రెండు వారముల తరువాత వచ్చు మరియొక పెద్దపోటు కదిలించినపుడు పగులును. ఆ చేపలను చేతులతో తప్ప వలలతో పట్టరాదని అచ్చట చట్టము కలదు.

ఇక పాఠము చెప్పిన చేపను గూర్చి. అది అట్లాంటిక్ వెండిచార చేప. కెనడా మొదలు ఫ్లారిడా వరకు అమెరికా తూర్పుతీరమున నుండును. దాని ఆయువు ఇంచుమించు ఒక్క సంవత్సరమే. చల్లని నీటిలో పెరిగిన దాని పిల్లలలో ఆడువి ఎక్కువగాను, వెచ్చని నీటిలో పెరిగినవానిలో మగవి ఎక్కువగాను అగునని 1981లో డేవిడ్ కానోవర్, బోయ్డ్ కైనార్డ్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వసంతమున చలి తగ్గకముందే పుట్టిన పిల్లకు పెరుగుటకు ఎక్కువ కాలము చిక్కును. పెద్దదైన ఆడుచేప ఎక్కువ గ్రుడ్లు పెట్టును. ప్రకృతి లెక్క అట్లున్నది! మరియు ఉత్తరపు చేపలను, దక్షిణపు చేపలను ఒకేవిధముగా పెంచినచో ఉత్తరపువి త్వరగా పెరుగును. అనగా పెరుగుదల వేగము కొంత పుట్టుకతో వచ్చు గుణమన్నమాట.

అట్లయిన, మనుష్యుడు ఏటేట పెద్ద చేపలనే పట్టుచున్నచో ఆ గుణమేమగును? ఈ ప్రశ్నకు కానోవర్, స్టీఫన్ మంచ్ అనువారు తొట్లలో చేపలను పెంచి సమాధానము వెదకిరి. ప్రతి తరమునను నూటికి తొంబది చేపలను తీసివేసిరి. కొన్ని గుంపులలో పెద్దవానిని, కొన్నింటిలో చిన్నవానిని, మరికొన్నింటిలో పరిమాణము చూడక తీసిరి. మిగిలిన పదింటినే తరువాతి తరమునకు విత్తనముగా నుంచిరి. పెద్దవానిని తీసిన గుంపునుండి మొదట ఎక్కువ బరువు చిక్కెను. కాని త్వరలోనే తగ్గిపోయెను. నాలుగు తరములు గడచునప్పటికి, చిన్నవానిని తీసిన గుంపులోని చేప బరువు, పెద్దవానిని తీసిన గుంపులోని చేప బరువునకు దాదాపు రెట్టింపయ్యెను! 2002లో ఈ ఫలితమును వెల్లడించిరి. పెద్దవానిని పోగొట్టుకొన్న గుంపులో గ్రుడ్లును, పిల్లలును కూడ చిన్నవైనవని తరువాత తేలినది.

సోదరులారా! మన పెద్దలు కళ్లమున ఏమి చేసెడివారు? నిండుగింజ గల మేలైన కంకులను ఏరి విత్తనమునకు దాచి, తక్కినవి తినెడివారు. మేలైన కంకులన్నియు తిని, తాలుగింజను విత్తనమునకుంచిన రైతును ఊరివారు నవ్వరా? సముద్రముపై మనుష్యుడు చేయుచున్నది సరిగా అదియే. పెద్దకన్నుల వల చిన్నచేపను విడుచును, పెద్దచేపను పట్టును. చిన్నపిల్లలను విడుచుట మంచిదే. కాని ఎన్నడును పెద్దవానిని మిగుల్పనిచో, మెల్లగా పెరుగువాని సంతతియే మిగులును.

చెడినది బాగుపడదా? ఆ ప్రశ్నయు వారు వేసికొనిరి. ఏరివేత ఆపి మరి ఐదు తరములు పెంచి చూడగా చేపల పరిమాణము కొంత కోలుకొన్నది. పూర్తిగా కోలుకొనుటకు పండ్రెండు తరములు పట్టవచ్చునని 2009లో లెక్కకట్టిరి. ఏడాదికొక తరము గల చేపకు అది పండ్రెండేండ్లు. ఐదేండ్లకొక తరము గల చేపకైనచో అరువదియేండ్లు! చెరచుట సులభము, చక్కదిద్దుట కష్టము.

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధింపబడుచున్నది. ఆ రెండునెలలు పడవ కదలక ఇల్లు గడచుట ఎంత కష్టమో తీరగ్రామములవారికి తెలియును. ఆ కష్టమునకు ఫలము గ్రుడ్లు పెట్టు చేపకు చిక్కు విరామము. దానితోపాటు, కొన్ని చోట్లనైన పెద్దచేపలను వేటలేక విడుచు తావు లుండుటయు అవసరమని వెండిచార చేప చెప్పుచున్నది.

జానెడు లేని చేప కథ ఇంత దూరమునుండి మన రచ్చబండకు వచ్చినదన్న, అది గ్రంథాలయము పుణ్యమే. ఇదియు నొక విత్తనపు గాదె. ఇందు మేలైనదానిని మన పిల్లలకు మిగిల్చి, ఈ సంస్థ స్వర్ణోత్సవమును వారు జరుపుకొనునట్లు చేయుట మన వంతు.