న్యాయవాదవృత్తియు, ప్రజాసేవయు – మన కాలేజి విద్యార్థులు
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చదివిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఏటేట చెప్పుకొనుచున్న మాటలనే మరల చెప్పుటకంటె, మన సభలలో అంతగా చర్చకు రాని యొక విషయమును మీ ముందుంచుట మేలని తలచితిమి. అది మన విద్యార్థులు న్యాయశాస్త్రము నభ్యసించి న్యాయస్థానములయందును, ప్రభుత్వసేవయందును ప్రవేశించుటను గూర్చినది.

ఇంటర్మీడియెటు ముగించిన పిల్లల ముందర మన యిండ్లలో రెండే దారులు కనబడుచున్నవి: ఒకటి ఇంజనీరింగు, రెండవది వైద్యము. “నేను లా చదివెదను” అని పిల్ల యన్నచో, “ప్లీడరీలో అన్నము పుట్టునా?” యని తండ్రి యడుగును. ఆ తండ్రిని మేము తప్పుపట్టము. న్యాయస్థానముల వరండాలలో చాలకాలము గడిపినవారము గనుక ఆ ప్రశ్నలోని సత్యమును మేమెఱుగుదుము. అన్నము పుట్టును, కాని వెంటనే పుట్టదు. ఆ నడుమనుండు కాలమున పిల్లవాని నెవరు పోషింతు రనునదే అసలు సమస్య.

టంగుటూరి ప్రకాశము పంతులుగారి చరిత్రము మన యందఱకు తెలిసినదే. 1872లో జన్మించిన ఆ మహనీయుని తల్లి భర్తను గోల్పోయి ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడిపి బిడ్డలను పెంచెను. ఆయన తొలుత రెండవతరగతి ప్లీడరై రాజమహేంద్రవరమున పేరు గడించి, ఆ సంపాదనతో సీమకు బోయి బారిష్టరై, 1907లో మద్రాసున వృత్తి నారంభించెను. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. ఈ కథ చెప్పునప్పుడు అందఱును ఆయన సాహసమును పొగడుదురు. మేము మఱియొక సంగతి గమనింపుమని వేడుచున్నాము. ఆ కాలమున ప్లీడరు, వకీలు, బారిష్టరు అను మెట్లుండెను; బీదవాడు క్రింది మెట్టుపై నిలిచి, సంపాదించుకొని, పై మెట్టెక్కగలిగెను. 1961 నాటి న్యాయవాదుల చట్టముతో ఆ తారతమ్యములు పోయి అందఱును న్యాయవాదులే యైరి. ఇది సమానత్వమే, సంతోషింపదగినదే. అయినను ఆ క్రింది మెట్టు పోయిన పిమ్మట దానికి బదులుగా బీదవిద్యార్థికి తగిన యాధారము గల్పింపబడలేదు.

కర్నూలు జిల్లా పెద్దపాడున 1921లో దళితకుటుంబమున జన్మించిన దామోదరం సంజీవయ్యగారు మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యైరి. విశాఖపట్టణమునందలి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము నేడు వారి పేరనే వెలయుచున్నది. దుర్గాబాయమ్మగారు 1942లో న్యాయశాస్త్రపట్టము పొంది, తరువాత రాజ్యాంగపరిషత్తులో సభ్యురాలైరి. ఆడపిల్లకు లా యెందులకని యడుగు తల్లులు, అమ్మమ్మలు ఈ సభలోనే యున్నారని మాకు తెలియును. ఈ మాట వారికొఱకే.

నేటి విద్యార్థి యేమి చేయవలెనో చెప్పెదము. ఇంటర్మీడియెటు పిమ్మట అయిదేండ్ల చదువు గలదు. డిగ్రీ పిమ్మట మూడేండ్ల చదువు గలదు. రెండింటికిని మన రెండు రాష్ట్రములయందు లాసెట్ పరీక్ష యున్నది. దానిని తెలుగుతోడను వ్రాయవచ్చును. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములకు క్లాట్ పరీక్ష. అందు రెండు గంటలలో 120 ప్రశ్నలకు ఆంగ్లముననే సమాధానము లీయవలెను. అచ్చటి రుసుములు సాలునకు లక్షలలో నుండును. పట్టము చేతికి వచ్చిన పిమ్మట న్యాయవాదుల మండలిలో పేరు నమోదు చేయించుకొనవలెను. దీనికై రాష్ట్రమండలులు వేలకొలది రూపాయలు వసూలు చేయుచుండగా, సాధారణ అభ్యర్థికి 750 రూపాయలు, షెడ్యూల్డు కులములు తెగలవారికి 125 రూపాయలకు మించి తీసికొనరాదని సర్వోన్నత న్యాయస్థానము 2024 జూలై 30వ తేదీని తీర్పు చెప్పెను. బీదవిద్యార్థి పాలిట ఇది గొప్ప మేలు. పిమ్మట అఖిలభారత బారు పరీక్ష. ఇది 2011లో మొదటిసారి జరిగినది.

ఇంతవఱకు దారి కష్టమైనను కనబడుచునే యున్నది. కనబడనిది దీని తరువాతిది. పట్టా పుచ్చుకొన్న యువకుడు ఒక సీనియరు వద్ద చేరును. ఫైళ్ళు మోయును, వాయిదాలు వ్రాసికొనును, దావా ప్రతులు చదువును, సాక్షుల విచారణను వెనుక బల్లపై గూర్చుండి వినును. వృత్తి యచ్చటనే పట్టుబడును, పుస్తకములలో గాదు. కాని నెల తిరుగునప్పటికి బస్సుచార్జీలకు సరిపోవు సొమ్మైనను చేతికి రాని జూనియర్లు మనకు తెలిసినవారే యెందఱో యున్నారు. అట్లని పగలు మఱియొక కొలువు చేయుదమన్నచో, న్యాయవాదిగా వృత్తి నడుపువాడు పూర్తికాలపు జీతపుటుద్యోగము చేయరాదని మండలి నిబంధన. నిబంధన మంచిదే, తన కక్షిదారునికి గాక వేఱొక యజమానికి లోబడియుండు న్యాయవాది పనికిరాడు. కాని యింటినుండి సొమ్ము తెప్పించుకొనలేని పిల్లవాని కది గోడ. 2024 అక్టోబరులో భారత న్యాయవాదుల మండలి, జూనియర్లకు పట్టణములయందు నెలకు 20,000, గ్రామప్రాంతములయందు 15,000 రూపాయలైన నీయవలసినదని సీనియర్లకు సూచించెను. అది సూచనయే గాని శాసనము కాదు.

ఇందుపై 2025 మే 20న వచ్చిన తీర్పును మన తలిదండ్రులు తప్పక తెలిసికొనవలెను. జూనియరు సివిలు జడ్జి పరీక్షకు నిలువగోరువారికి మూడేండ్ల న్యాయవాదవృత్తి అనుభవము ఉండవలెనని సర్వోన్నత న్యాయస్థానము ఆ దినమున నిర్ణయించెను. 2002లో తొలగించిన నియమమునే మరల తెచ్చినది. కోర్టు గడప త్రొక్కని యువకుడు న్యాయపీఠ మెక్కి మనుష్యుల స్వేచ్ఛను గూర్చియు, ఆస్తిని గూర్చియు తీర్పు చెప్పుట యుక్తము కాదనుట మాకును సమ్మతమే. అయినను దీని భారము ఎవరిపై బడును? తండ్రి న్యాయవాదియైన పిల్లవానికి ఈ మూడేండ్లు శిక్షణ. మన యిండ్లలోని పిల్లవానికి ఇవి మూడేండ్ల పస్తు. మనవారిలో తెలివికి లోపములేదు. ఈ మూడేండ్లు దాటలేకయే మంచి పిల్లలు నల్లకోటు విడిచి, ఏ కంపెనీలోనో చిన్న కొలువునకు చేరుచున్నారు.

ఇక ప్రభుత్వోద్యోగముల మాట. సివిలు సర్వీసుల పరీక్షపై మన యువకులకు మోజు మెండు. ఉండవలసినదే. కాని లెక్క తెలిసికొని దిగవలెను. 2023వ సంవత్సరపు పరీక్షకు పదిలక్షలకు పైగా దరఖాస్తులు రాగా, తుదకు ఎన్నికైనవారు 1,016 మంది. కావున అయిదారేండ్లు గదిలో కూర్చుండి అది రానిచో మఱేమియు లేదను స్థితి తెచ్చుకొనరాదు. ఈ విషయముననే లా చదువు ఉపకరించునని మా యభిప్రాయము. రాజ్యాంగము ఆ పరీక్షలో ముఖ్యభాగము. న్యాయశాస్త్రమును ఐచ్ఛికవిషయముగ తీసికొనవచ్చును. పరీక్ష తప్పినను చేతిలో వృత్తి యుండును. గ్రూపు పరీక్షలు, సహాయ ప్రాసిక్యూటరు పదవులు, న్యాయసేవాధికార సంస్థల పనులు – ఇవన్నియు తెఱచియున్న తలుపులే.

ప్రసంగవశమున తెలుగును గూర్చి యొక మాట. సివిలు సర్వీసుల ముఖ్యపరీక్షలో భారతీయభాషాపత్రము 300 మార్కులకు గలదు. అందు ఉత్తీర్ణులు కానివారి తక్కిన పత్రములకు విలువ యుండదు. తెలుగు వాచకము ముట్టనీయక పెంచుటే ఘనతయని తలచు మనవారు ఈ సంగతి స్మరింపవలెను. క్రింది కోర్టులలో సాక్షి తెలుగుననే మాటలాడును. 2023 జూన్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము తెలుగులో ఒక తీర్పు వెలువరించెను. కక్షిదారుని మాట అర్థము చేసికొని, దానిని చట్టపు భాషలో నిలుపగలవాడే న్యాయవాది. ఆ పనికి రెండు భాషలును గావలెను.

ఇప్పుడు కొంచెము కఠినముగ మాటలాడవలసియున్నది; కులసభలో ఈ మాట చెప్పక పోవుట కపటమగును. మనవాడొకడు మేజిస్ట్రేటో, తహసీలుదారో అయినచో మరునాడే మన పెద్దలు కొందఱు కాగితము చేత బట్టుకొని వాని యింటికి బయలుదేరుదురు. “మనవాడు గదా, ఈ పని చేయడా?” అందురు. ఇట్టి సిఫారసు వానికి మేలు గాదు, గొడ్డలిపెట్టు. వాని కలము మన కొఱకు వంగినచో వాని యుద్యోగమును పోవును, మన పిల్లలందఱి పేరును పోవును. వాని యెదుట నిలిచిన కక్షిదారుడు ఏ కులమువాడని వాడు చూడరాదు. మనమును చూడుమని యడుగరాదు. ఈ సంఘము విద్యార్థికి సాయము చేయునది ఋణము వేసి పిదప వసూలు చేసికొనుటకు గాదు. ఈ మాటకు సభ యొప్పుకొనినచో మాత్రమే మేము చేయబోవు ప్రతిపాదనకు అర్థముండును.

ప్రతిపాదన యిది. పూర్వము పెద్దలు వసతిగృహములు గట్టిరి. హైదరాబాదులో 1918లో రెడ్డి వసతిగృహము వెలసినది. తక్కిన కులములవారును తమతమ శక్తికొలది ఊరూర గట్టిరి. ఊరిపిల్లవానికి నాడు పట్టణమున తల దాచుకొను చోటు కఱవు. నేటి కఱవు ఆ మూడేండ్లు. కావున జూనియరు న్యాయవాదుల పోషకనిధి యొకటి స్థాపింపవలెను. అయిదుగురికి నెలకు పదివేల చొప్పున మూడేండ్లు ఈయవలెనన్నచో పదునెనిమిది లక్షలు గావలెను. మన కల్యాణమండపమునకు రెండవ భోజనశాల గట్టుటకై ప్రస్తుతము చందాలు పోగగుచున్నవి గదా; ఆ కార్యమును రెండేండ్లు వాయిదా వేసినచో ఈ నిధికి మొదలు దొరకును. భోజనశాల యవసరమే, కాదనము. కాని మన పెండ్లిభోజనములు ఇంతవఱకు ఒక శాలలోనే జరిగినవి, ఎవరును ఆకలితో తిరిగిపోలేదు.

ఎన్నిక యెట్లనగా: తండ్రియు తాతయు వృత్తిలో లేని విద్యార్థులకు మొదటి స్థానము, అయిదుగురిలో ఇద్దఱైనను యువతులుండవలెను. సీనియరును వెదకి చేర్చు బాధ్యత మన న్యాయవాదసభ్యులది. ఆ సీనియరు మన కులమువాడే కావలెనను పట్టుదల వలదు, పని నేర్పువాడైన చాలును. ఆఱు నెలల కొకసారి సీనియరు వ్రాసిన చీటి చూచి సొమ్ము కొనసాగింపవలెను. తిరిగి చెల్లింపుమని యడుగరాదు. ఇచ్చగలవారు నిలదొక్కుకొనిన పిమ్మట నిధికి చేర్చుదురు. వైద్య, ఇంజనీరింగు వేతనములనుండి ఈ నిధికి పైకము మళ్ళింపరాదు.

తీర్మానపు ప్రతిని కార్యదర్శిగారికి అందజేసితిమి. రేపటి ఉదయము కార్యవర్గసమావేశమున అది చర్చకు రానున్నది. చందా వాగ్దానము చేయదలచిన దాతలు ఈ సాయంకాలము ఫలాహారముల వేళకు కోశాధికారిగారి బల్లవద్ద పేర్లు వ్రాయింప ప్రార్థన. ఈ సాలు పట్టము పుచ్చుకొనిన విద్యార్థులును అచ్చటనే తమ వివరములు నమోదు చేయించుకొనవచ్చును.