మూత్రపిండములలోని రాళ్లు: కరవుసీమవారికి ఒక మనవి



మహాసభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ప్రసంగించుట వాడుక. నేడు మేము మూత్రపిండములలోని రాళ్లను గూర్చి కొంత మనవి చేయదలచితిమి. మన అనంతపురసీమలో సంవత్సరమునకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మండుటెండలో వేరుసెనగచేల పనిచేయువారి ఒంటినీరు చెమటయై పోవును. మూత్రము తగ్గి చిక్కనగును. అందలి కాల్షియము, ఆక్సలేటు మున్నగునవి పేరుకొని రాయియగును. బోరునీటి ఉప్పదనమే దీనికి మూలమని పలువు రందురు. నీటి గుణముకంటె, త్రాగు నీరు చాలకుండుటయే ముఖ్యకారణము.

సుశ్రుతుడు ఈ వ్యాధిని అశ్మరియని పేర్కొని శస్త్రచికిత్సను సైతము వివరించెను. మనవారు కొండపిండి కషాయమును, ఉలవకట్టును పుచ్చుకొందురు. వానితో కడుపులోనికి పోవు నీరు మేలే చేయును. కాని పెద్దరాయి వానిచే కరగునని నమ్మి కాలయాపన చేయరాదు.

5 మిల్లీమీటర్లకు లోబడిన రాళ్లలో పెక్కు తమంతట మూత్రముతో పడిపోవును. పడనివానికి మార్గములు కలవు. శరీరమును కోయక, వెలుపలినుండి పంపు తరంగముల తాకిడిచే రాయిని పొడిచేయు పద్ధతి 1980లో జర్మనీదేశపు మ్యూనిచ్ నగరమున మొదటిసారి రోగులయందు ప్రయోగింపబడెను. నాళమున చిక్కిన రాయిని, మూత్రమార్గమున సన్నని గొట్టమును పంపి, లేజరుతో పగులగొట్టుదురు. 20 మిల్లీమీటర్లు మించినచో సాధారణముగ వీపున చిన్న రంధ్రము చేసి తీయుదురు. యూరిక్ ఆమ్లపు రాళ్లు మాత్రము మందులచే కరగును; కావున పడిన రాయిని పారవేయక పరీక్షింపజేయవలెను.

ఇక అందరును మనసున నిలుపుకొనదగిన మాట యొకటి కలదు. నొప్పి తగ్గినంతమాత్రమున రాయి పోయినట్లు కాదు. నాళమున అడ్డుపడిన రాయి ఒక్కొక్కప్పుడు నొప్పి లేకయే నిలిచియుండును. రోగి స్వస్థుడనైతినని పనికి పోవుచుండ, లోపల మూత్రపిండము వాచి, కొన్ని వారములలోనే శాశ్వతముగ చెడిపోవచ్చును. కావున స్కానింగు చేయించి రూఢిచేసికొనవలెను. నొప్పితో చలిజ్వరము వచ్చినను, మూత్రము బిగిసినను, ఆనాడే ఆసుపత్రికి చేరవలెను. ధనాభావముచే వెనుదీయ పనిలేదు. 1991లో పుట్టపర్తియందు వెలసిన శ్రీ సత్యసాయి ఉన్నతవైద్యశాలలో మూత్రవ్యాధులకు ఉచితచికిత్స కలదు. అర్హులకు ప్రభుత్వ ఎన్.టి.ఆర్. వైద్యసేవయు కలదు.

ఒకసారి రాయి వచ్చినవారిలో ఇంచుమించు సగముమందికి పదేండ్లలో మరల వచ్చును. దినమునకు రెండున్నర లీటర్ల మూత్రము వెడలునంత నీరు త్రాగవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారు వైద్యు నడిగి త్రాగవలెను. ఉప్పును, ఊరగాయలను తగ్గింపవలెను. రాయిలో కాల్షియము కలదని పాలు, మజ్జిగ మానరాదు. వానిలోని కాల్షియము ఆహారమందలి ఆక్సలేటును ప్రేగులలోనే పట్టియుంచును.

పోషకమహాశయులారా! చేలలో మరుగు లేమిచే మన స్త్రీలు దాహమును బిగబట్టుకొనుచున్నారు. బాటసారులకు చలివేంద్రములు పెట్టుట మన పెద్దల యాచారము. మీ తోటలయందు కూలివారికొక నీటికుండయు, స్త్రీలకొక మరుగుదొడ్డియు ఏర్పరచుడు. అదియు చలివేంద్రమే యని విన్నవించి విరమించుచున్నాము.